ప్రసూతి సెలవు పెంచుకుంటూ పోతే ఆడవాళ్లకు మేలేనా?

"సెలవు ఎంత పెంచితే ఆడవాళ్లకు అంత మేలు కదా" అని అడిగారు. నెలలు లెక్కపెట్టే ముందు రెండు సంగతులు చూడండి: ఆ సెలవు ఎవరి పేరు మీద ఉంది, సెలవులో చేతికి ఎంత వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. భర్త జీతం నెలకు 60 వేలు, భార్యది 40 వేలు. సెలవులో ఎవరున్నా 10 వేలే ఇస్తామంటే, ఆయన ఉంటే ఇంటికి 50 వేలు నష్టం, ఆమె ఉంటే 30 వేలు. ఇక చర్చేముంది, ఆమే ఆగిపోతుంది. అదే జీతంలో 80 శాతం ఇస్తే నష్టం 12 వేలు, 8 వేలు. 20 వేల తేడా కాస్తా 4 వేలకు దిగుతుంది.

అంత దిగినా మగవాళ్లు కదలరు. స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. జీతంలో 90 శాతం ఇచ్చి, ఎలా పంచుకుంటారో మీ ఇష్టం అంది. తండ్రులు తమ రోజుల్ని తల్లులకు రాసిచ్చేశారు. ఇరవై ఏళ్లు ఇదే తంతు. 1995లో రూలు మారింది: ఒక నెల తండ్రిదే, రాసివ్వడం కుదరదు, వాడకపోతే పోయినట్టే. అసలు సెలవే పెట్టని తండ్రుల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. 2002లో రెండో నెల, 2016లో మూడోది చేర్చారు. ఇప్పుడు ఒక బిడ్డకు ఇద్దరికీ కలిపి ఇచ్చే 480 రోజుల్లో చెరో 90 రోజులు ఒకరి నుంచి మరొకరికి బదిలీ కావు. బ్రిటన్ 2015లో తెచ్చిన పథకంలో తల్లి తన సెలవు వదులుకుంటేనే తండ్రికి వస్తుంది, పైగా చాలామందికి జీతంతో నిమిత్తం లేని చిన్న మొత్తమే. తీసుకునేవాళ్లు చాలా తక్కువంటే, తప్పు పథకం రాసినవాళ్లదే.

పన్ను సంగతి ఎవరూ ఎత్తరు, అదే నా బాధ. జర్మనీలో 1958 నుంచి భార్యాభర్తల ఆదాయం కలిపి, సగం చేసి, ఆ సగానికి పన్ను లెక్కగట్టి రెండింతలు చేస్తారు. దాంతో తక్కువ జీతమున్న భార్య సంపాదించే మొదటి యూరో మీదే ఉమ్మడి ఆదాయానికి వర్తించే పై రేటు పడుతుంది. చిన్న ఉద్యోగంతో సరిపెట్టుకోమని చెప్పడానికి వేరే మనిషి అక్కర్లేదు. స్వీడన్ 1971లోనే ఎవరి పన్ను వాళ్లదే చేసింది.

అలాగని స్వీడన్‌ను నెత్తిన పెట్టుకోకండి. మొదటి 180 రోజులకు జీతాన్ని బట్టి డబ్బు రావాలంటే, కాన్పుకు ముందు వరసగా 240 రోజులు ఉద్యోగ ఆదాయం ఉండాలి. లేకపోతే రోజుకు 250 క్రోనార్లే (క్రోనా అక్కడి కరెన్సీ). చదువుకుంటున్నవాళ్లు, కొత్తగా వలస వచ్చినవాళ్లు ఇక్కడే జారిపోతారు. అవసరం ఎక్కువున్న తల్లికే తక్కువ ఇచ్చే ఈ నిబంధన చూస్తే కడుపు మండుతుంది.