నారులో వేరుగా కనిపించే అడవి గులాబీ మొక్కలు సంకరాలేనా?

సిమ్లా దగ్గర ఒక తోట కంచెకు పాకిన తెల్ల అడవి గులాబీ కాయలు తెప్పించి అమలాపురంలో మొలిపించానని, ఆ నారులో కొన్నింటి ఆకులు వేరుగా ఉన్నాయని, ఒక మొక్క మూడు నెలలకే పూసిందని రాస్తూ, ఇవి సహజ సంకరాలేనా అని మీరు అడిగారు. కడియం దగ్గర మా నర్సరీలో కొండ గులాబీల గింజలు ఫ్రిజ్‌లో చలికి ఉంచి మొలిపించి పెంచిన అనుభవంతో చెబుతున్నాను.

తోటి మొక్కలకంటే వేరుగా ఉండటం ఒక్కటే సంకరానికి రుజువు కాదు. మీరు చెప్పిన పోలికలను బట్టి తల్లి మొక్క హిమాలయాల తీగ గులాబీ, అంటే రోజా బ్రునోనై కావచ్చు. దానికి 14 క్రోమోజోములుంటాయి. ఇటువంటి డిప్లాయిడ్, అంటే క్రోమోజోములు రెండు సమితులుగా ఉండే గులాబీలలో చాలావాటికి సొంత పుప్పొడితో కాయ పట్టదు. తేనెటీగలు మరో మొక్క పుప్పొడి తేవలసిందే. అందువల్ల ఒకే కాయలోని గింజలకు కూడా తండ్రులు వేరు కావచ్చు, ఆ తండ్రులందరూ అదే జాతివారైనా పిల్లల్లో ఆకు వెడల్పు, చిగురు రంగు, ముళ్ల ఒత్తు మారుతూనే ఉంటాయి. చూడవలసింది తల్లి జాతిలో ఎక్కడా లేనిదీ, పక్కన పూసిన మరో జాతికి సొంతమైనదీ అయిన లక్షణం.

అటువంటి వాటిలో నేను ఎక్కువగా నమ్మేది ఆకు తొడిమ మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలను. రోజా మల్టీఫ్లోరా అనే మరో గులాబీ జాతిలో వాటి అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉంటాయి. బ్రునోనైలో అవి సన్నగా ఉంటాయి గాని అలా చీలవు. మీ మొక్కల్లో ఈ అంచు సగం చీలినట్టు, లేదా కొన్ని ఆకులకు చీలి కొన్నింటికి చీలనట్టు కనిపిస్తే, ఆ కంచె దగ్గర మల్టీఫ్లోరా కూడా ఉన్న పక్షంలో, సంకరమని అనుమానించడానికి బలమైన కారణం దొరికినట్టే. అయితే మొలక తొలి ఆకులకు మూడేసి పత్రకాలే ఉండి అన్ని గులాబీలూ ఒకేలా కనిపిస్తాయి కనుక, ముదురు ఆకులు వచ్చేదాకా ఆగి, ఒకే ఆకును కాక కొమ్మ పొడవునా భూతద్దంతో చూడండి.

ఇక మూడు నెలలకే పూసిన మొక్క విషయం. దానిని మీరు సంకరమనడానికి సాక్ష్యంగా చూపారు గాని, నాకు అది వేరే దారి చూపుతోంది. చైనా గులాబీ (రోజా చైనెన్సిస్, మందారం కాదు) నుంచి తోట గులాబీలకు వచ్చిన, ఏడాది పొడవునా పూసే గుణం అంతర్గత లక్షణం, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది. దానికి మూలమైన జన్యువును 2012లో గుర్తించారు. ఏడాదికొకసారే పూసే అడవి గులాబీకి తోట గులాబీ పుప్పొడి తగిలినా, తొలి తరం సంకరం అడవి తల్లిలాగే కొన్నేళ్లు ఆగి పూస్తుంది. అంత తొందరగా పూసిందంటే తల్లిలోనే ముందు నుంచి తోట గులాబీ రక్తం ఉండాలి, లేదా గింజలు ఎక్కడో కలిసిపోయి ఉండాలి. రెండోదే ఎక్కువ సంభవమని నా అభిప్రాయం.

మన డెల్టాకు సంబంధించిన చిక్కు మరొకటుంది. ఏప్రిల్, మే ఎండలకు కొండ గులాబీ మొలకలు చాలావరకు పోతాయి, వేడికి ఓర్చే రక్తం ఉన్నవి నిలుస్తాయి. కాబట్టి వేసవి తరువాత మిగిలిన మొక్కలను లెక్కపెట్టి సంకరాలు ఇంత శాతమని చెప్పడం కుదరదు. చచ్చిపోయే ముందే ప్రతి మొక్కకూ ఫొటో తీసి, ఒక ఆకును కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి ఉంచాలి.

క్రోమోజోముల లెక్క కొన్ని సందర్భాల్లోనే ఉపయోగపడుతుంది. 28 క్రోమోజోములున్న తోట గులాబీ తండ్రి అయితే తల్లిదండ్రుల నుంచి సగం సగం వస్తాయి కనుక పిల్లకు సాధారణంగా 21 ఉంటాయి. తండ్రి మల్టీఫ్లోరా అయితే దానికీ 14 కనుక ఆ లెక్క ఏమీ తేల్చదు.

వీలైతే ఆ కాయలు తెచ్చినవారిని అడిగి, కంచె మీది మొక్క కొమ్మ, పత్రపుచ్ఛాల ఫొటోలతో పాటు, మే, జూన్ నెలల్లో ఆ చుట్టుపక్కల పూసే మిగతా గులాబీల ఫొటోలు కూడా ఇక్కడ పెట్టండి.