ఊపిరితిత్తుల నాళాలకు బెలూన్ వేశాక గజ్జల్లో గాయం కంటే ముందు దగ్గును చూడండి

"అమ్మకు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పాత రక్తపు గడ్డలుంటే బెలూన్‌తో తెరిచారు. రెండో సిట్టింగ్ అయింది, రేపు ఇంటికి పంపుతున్నారు. ఏం కనిపిస్తే కంగారుపడాలి?" అని ఒకరు అడిగారు.

దగ్గు. మొదటి రెండు మూడు రోజులు మిగతావన్నీ దాని తర్వాతే. బెలూన్ లోపలికి పంపడానికి గజ్జల్లో గుచ్చిన చోటు కంటికి కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లంతా పట్టీ ఎత్తి దాన్నే చూస్తుంటారు. అసలు పని జరిగింది లోపల. అక్కడ తేడా వస్తే మొదట తెలిసేది దగ్గుతోనే.

ఎందుకో చెబుతాను. కరగని గడ్డ నెలల తరబడి నాళం గోడకు అంటుకుని మచ్చలా, వలలా మారుతుంది. దాని గుండా సన్నని తీగ దాటించి, కొన్ని మిల్లీమీటర్ల బెలూన్ ఉబ్బించి పక్కకు నెడతారు. తీగ మొన గుచ్చుకున్నా, బెలూన్ నాళం ఓర్చుకోగలిగినదానికంటే పెద్దదైనా గోడ చిట్లుతుంది. పైగా ఎన్నాళ్లుగానో రక్తం సరిగ్గా అందని భాగంలోకి ఒక్కసారిగా ఎక్కువ పీడనంతో రక్తం వస్తుంది. అలా నీరో రక్తమో గాలి తిత్తుల్లోకి ఊరుతుంది. 2001లో వెలువడిన ఒక తొలి నివేదికలో 18 మందికి ఈ చికిత్స చేస్తే 11 మందికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. తర్వాత జపాన్ వైద్యులు చిన్న బెలూన్లు వాడి, ఒక్కో విడతలో కొన్ని నాళాలే తెరిచి ఈ ప్రమాదాన్ని బాగా తగ్గించారు. ఒక్కసారిలో తేల్చేయక ఇన్నిసార్లు రమ్మంటున్నారేమిటని విసుక్కునేవాళ్లకు జవాబు ఇదే.

ఇబ్బంది వచ్చేటప్పుడు వరస ఎలా ఉంటుందంటే, సాయంత్రం వరకు మనిషి బాగానే ఉంటుంది. రాత్రి పడుకోగానే పొడి దగ్గు మొదలవుతుంది. గొంతు గరగర అనుకుని నీళ్లు తాగుతుంది, లేచి కూర్చుంటే కాస్త నయం. మళ్లీ పడుకుంటే మళ్లీ వస్తుంది. అరగంటలో మాట మధ్యలో ఆగి దగ్గే దాకా వెళ్తుంది. ఆక్సీమీటర్ ఇంకా 94 అనే చూపిస్తుంటుంది, కానీ 78 ఉండే పల్స్ 100 దాటి ఉంటుంది. ఆ పక్క అంకెను ఎవరూ చూడరు. ఆ తర్వాత కఫంలో గులాబీ రంగు నురగో, ఎర్రటి చారో. ఆక్సిజన్ 90కి, 88కి పడేది అప్పుడు. అంటే మీరు నమ్ముకున్న అంకె చివర్లో కదులుతుంది. ఆగని కొత్త దగ్గు, పెరిగిన పల్స్ రెండూ కలిస్తే కఫంలో రక్తం పడేదాకా ఆగకండి, తెల్లారేదాకా అసలే ఆగకండి. అప్పటికప్పుడు ఫోన్ చేసి, ఆసుపత్రికి బయలుదేరండి.

ఆక్సీమీటర్ వద్దని కాదు. వేలు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. ముదురు రంగు చర్మం మీద అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. చెయ్యి వెచ్చచేసి, కదలకుండా ఒక నిమిషం ఉంచి చూడండి. ఆమె మామూలు అంకె ఎంతో తెలియకపోతే ఏ అంకెకూ అర్థం లేదు. డిశ్చార్జ్ రోజునే కూర్చున్నప్పుడు ఎంత, నాలుగడుగులు నడిచాక ఎంత, పల్స్ ఎంత, బరువు ఎంత అని కాగితం మీద రాసుకోండి. విశ్రాంతిగా కూర్చున్నా మామూలు కంటే 3, 4 తగ్గి అక్కడే నిలబడితే అది కబురు చేయాల్సిన విషయం.

ఇక కఫంలో పడే రక్తం సంగతి. ఆగని దగ్గు, పెరిగిన పల్స్ లేకుండా ఒకటి రెండు సన్నని చారలే అయితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. చారలు చూసి భయపడి రక్తం పలచబరిచే మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఒక టీస్పూన్, అంటే 5 మిల్లీలీటర్లంత తాజా ఎర్ర రక్తం పడినా, కొంచెం కొంచెంగా పదేపదే పడుతున్నా అంబులెన్స్ పిలవండి. తర్వాతి మాత్ర వేయాలో వద్దో ఆసుపత్రిలో డాక్టర్లు చూశాకే. అంబులెన్స్ వచ్చేలోపు వెల్లకిలా పడుకోబెట్టకండి. బెలూన్ వేసిన వైపు కిందికి ఉండేలా పక్కకు తిప్పండి, రక్తం బాగున్న ఊపిరితిత్తిలోకి పారకుండా ఉంటుంది. ఏ వైపో తెలియకపోతే కూర్చోబెట్టండి.

ఏ వైపో తెలియకపోవడమేమిటి అంటారా? చాలామందికి తెలియదు. డిశ్చార్జ్ కాగితం మీద "ఇబ్బంది ఉంటే రండి" అని రాసి పంపేస్తారు. ఏది ఇబ్బందో తెలిస్తే ఇంట్లోవాళ్లు ఇక్కడ అడుగుతారా? చికిత్సకు అంత ఓపిక పెట్టినవాళ్లు కాగితం మీద నాలుగు అంకెలు రాయడానికి ఎందుకు పెట్టరో అర్థం కాదు. రేపు కదలకముందే అడగండి: ఈసారి కుడి వైపా, ఎడమ వైపా? ఆక్సిజన్ ఎంతకు తగ్గితే రావాలి? అర్ధరాత్రి ఏ నంబరుకు చేయాలి? రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఏ రోజు చేయించి చూపించాలి?

గజ్జల దగ్గర చుట్టూ కమిలి, ఆ నీలం తొడమీదికి జారి పసుపు రంగుకు తిరిగితే భయం లేదు. గట్టి ముద్ద తగిలితే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. గీత దాటి పెరిగితే చూపించాలి. రక్తం కారితే పడుకోబెట్టి, గుచ్చిన చోటే 10 నిమిషాలు మధ్యలో ఎత్తి చూడకుండా గట్టిగా నొక్కండి. ఆగకపోతే అంబులెన్స్. బయట ఏమీ కనిపించకుండా నడుమో పొత్తికడుపో నొప్పి పుట్టి, చల్లని చెమటలు పట్టి కళ్లు తిరిగితే లోపల రక్తం పోతోందేమో అని అనుమానించాలి. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే కొత్త గడ్డ కావచ్చు.

నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. రక్తం పలచబడే మందుతో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కలపొద్దు. ఊపిరితిత్తుల నాళాల్లో పీడనం తగ్గించే రియోసిగ్వాట్ మాత్ర వాడుతుంటే బీపీ పడి లేవగానే తూలడం ఉంటుంది. కానీ స్పృహ తప్పితే మాత్రం మందు మీదకు నెట్టేయకుండా వెంటనే తీసుకెళ్లండి. ఎక్స్-రేలో నాళాలు కనిపించడానికి ఎక్కించిన మందు మూత్రపిండాలకు భారం. దాని ప్రభావం రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది కాబట్టి మూత్రం బాగా తగ్గితే చెప్పండి. రోజూ పొద్దున్నే బరువు చూడండి. ఒక్క రోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగి పాదాలు వాస్తే గుండె కుడి భాగం అలసిపోతోందేమో చూపించుకోవాలి.

రాసుకున్న కాగితం పారేయకండి. తర్వాతి సిట్టింగ్‌కు వెళ్లినప్పుడు దగ్గు ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, చారలు పడ్డాయా అన్నది బెలూన్ వేసే డాక్టరుకే చూపించండి. ఈసారి ఎన్ని నాళాలు తెరవాలి, ఎంత బెలూన్ వాడాలి అని ఆలోచించేటప్పుడు అది ఆయనకు పనికొస్తుంది.