మూడుసార్లు రాసి చెరిపేసిన పోస్టు గురించి

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "ఎక్కడో ఏదో జరిగిందని అందరూ పోస్టులు పెడుతున్నారు, నేను ఒక్కదాన్నే ఏమీ పట్టనట్టు ఉన్నాననుకుంటున్నారు. రాస్తే ఏ గొడవ వస్తుందోనని టెన్షన్. మూడుసార్లు రాసి చెరిపేశాను పెద్దమ్మా" అన్నావు. అప్పటికప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి విడాకుల సంగతి ఎవరో ఎత్తారు. ఆ అమ్మాయి కూడా ఆ గ్రూపులోనే ఉంది. ఒక పెద్దాయన "ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు" అన్నారు. దాని కింద వరసగా దండం బొమ్మలు, నవ్వే బొమ్మలు. కాసేపటికి ఆ అమ్మాయే "దయచేసి ఈ విషయం ఇక్కడ వద్దు" అని రాసింది. ఎవరూ పలకలేదు. నేనూ చదివి, అయ్యో పాపం అనుకుని, పెద్దవాళ్లతో మనకెందుకులే అని ఫోన్ పక్కన పెట్టేశాను. రాత్రి పదకొండింటికి ఆ అమ్మాయి నుంచి నాకు విడిగా మెసేజ్ వచ్చింది. "మీరూ చూశారు కదా అత్తా." అంతే. గ్రూపులో మనం పెట్టిన మెసేజ్‌ని నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే, చదివినవాళ్ల పేర్లు కనిపిస్తాయి కదా. ఆ పేర్లలో నాది కూడా ఉంది. తిలా పాపం తలా పిడికెడు అంటారే, నా పిడికెడు నాకు ఆ రాత్రి తెలిసింది.

కాబట్టి బుజ్జీ, దెబ్బ తిన్న మనిషి మన మాట వినేంత దగ్గరలో ఉన్నప్పుడు, దెబ్బ కొట్టినవాళ్లు మనల్ని ఎరిగినవాళ్లయినప్పుడు ఊరుకోకు. పెద్ద వాదన అక్కర్లేదు. "ఇది వాళ్ల సొంత విషయం, ఇక్కడితో ఆపేద్దాం" అంటే చాలు. తర్వాత ఆ మనిషికి విడిగా ఒక ఫోన్ చెయ్యి. గ్రూపులో అన్న మాట కంటే అదే ఎక్కువ ఊరట.

నిన్ను ఇప్పుడు నలిపేస్తున్నది మాత్రం వేరే రకం. ఎక్కడో ఏదో జరిగింది, పూర్తిగా ఏమిటో నీకు తెలియదు, అయినా ఏదో ఒకటి అనమని అందరూ అడుగుతున్నారు. తెలియనప్పుడు ఊరుకోవడం పిరికితనం కాదమ్మా. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన వార్తలను అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో రాశారు: జనం అబద్ధపు వార్తను ఇతరులకు పంచే అవకాశం నిజం వార్త కంటే 70 శాతం ఎక్కువట. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఒళ్లు మండిస్తుంది. వేలు ఆగదు. "ఎందుకు మాట్లాడవు" అని ఎవరైనా అడిగితే "ఇంకా తెలుసుకుంటున్నాను" అని చెప్పు. అది నిజమే కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు.

అయితే నీ మౌనం తెలియకా, భయపడా అన్నది నువ్వే చూసుకోవాలి. తమ అభిప్రాయం ఉన్నవాళ్లు తక్కువమంది అనిపిస్తే, ఒంటరైపోతామని మనుషులు నోరు మూసుకుంటారని, దాంతో ఆ అభిప్రాయం ఇంకా తక్కువమందిదిలా కనిపిస్తుందని జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్ నాయ్‌మన్ 1974లో రాసింది. విషయం నీకు బాగా తెలిసి, ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అంటారనే జంకు ఒక్కటే ఆపుతుంటే, రాసెయ్యి. నీలాగే అనుకుంటూ కూర్చున్నవాళ్లు ఇంకొందరు ఉంటారు. ఉద్యోగానికో ప్రాణానికో ముప్పు ఉన్నచోట మాత్రం ఒక్కదానివే ముందుకు దూకకు, నమ్మకమైనవాళ్లతో మాట్లాడి కలిసి చెయ్యి.

ఇంకో సంగతి, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. వేరేవాళ్ల బాధ వాళ్లను అడక్కుండా మనం బయటపెట్టకూడదు. న్యాయం చేయాలనే ఆవేశంలో బాధితురాలి ఫొటో, పేరు పంచేవాళ్లను చూస్తున్నాను. ఆమెకు అది రెండో దెబ్బ.

రాసేటప్పుడు పోస్టు పెట్టే చోటే నేరుగా రాయకు, నోట్స్‌లో రాసుకో. ఒక రాత్రి పోనివ్వు. పొద్దున్నే ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టు అనుకుని పైకి చదువు. అనడానికి నోరు రాని మాట కొట్టెయ్యి. వాట్సాప్‌లో మెసేజ్ దిద్దుకోవడానికి ఇచ్చేది 15 నిమిషాలే, ఎవరైనా స్క్రీన్‌షాట్ తియ్యడానికి ఒక్క క్షణం చాలు. పొరపాటు రాస్తే గుట్టుగా చెరిపెయ్యకుండా అక్కడే "నేను తప్పు రాశాను" అని పెట్టు.

ఆ అమ్మాయికి మర్నాడు జవాబిచ్చాను, గ్రూపులోనూ రాశాను. ఒక రోజు ఆలస్యంగా. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే మనసు బరువెక్కుతుంది.

నువ్వు చెరిపేసినవాటిలో మొదటిది గుర్తుందా? గుర్తుంటే నాకు పంపు. రేపు పొద్దున చదివి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ