వేగం ఉన్నా వీడియో కాల్‌లో మాట ఎందుకు తెగుతుంది?

తిరుపతి నుంచి అమెరికాలోని అబ్బాయితో మాట్లాడుతుంటే, 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నా మాట ఎందుకు తెగిపోతోందని ఒకరు అడిగారు. చాలాసార్లు దీనికి కారణం ప్యాకెట్ల వరుస. ప్యాకెట్లంటే మాటైనా, ఫొటో అయినా నెట్‌లో ప్రయాణించే చిన్న చిన్న ముక్కలు.

అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర వాహనాల బారును గుర్తు తెచ్చుకోండి. రోడ్డు ఎంత వెడల్పున్నా, అంబులెన్సు అదే బారులో నిలబడితే ఆలస్యం తప్పదు. మీ మాట సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున బయలుదేరుతుంది. అదే సమయంలో ఇంట్లో మరొకరి ఫోను ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే రౌటర్‌లో వరుస నిండిపోతుంది. ఆలస్యంగా చేరిన ఫొటో పనికొస్తుంది, మాట మాత్రం పనికిరాదు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. అమెరికా దాకా సముద్రపు కేబుల్ ప్రయాణానికే అందులో సగానికి పైగా పోతుంది. ఇక ఇంట్లో వృథా చేయడానికి మిగిలేది చాలా తక్కువ.

కంపెనీల సొంత నెట్‌వర్క్‌లలో మాట ప్యాకెట్ల తలభాగంలో 46 అనే గుర్తు వేస్తారు. రౌటర్ వాటిని ప్రత్యేక వరుసలో పెట్టి ముందుగా పంపుతుంది. ఆ ప్రత్యేక వరుసకు హద్దు కూడా పెట్టాలి, లేకపోతే మిగతా రద్దీ కదలదు. దగ్గరి దారి కిక్కిరిసి ఉంటే, చుట్టు తిరిగినా ఖాళీగా ఉన్న దారికి మళ్లిస్తారు.

బహిరంగ ఇంటర్నెట్‌లో ఆ గుర్తును అందరూ పాటిస్తారన్న హామీ లేదు. మీ చేతిలో ఉన్నది ఇంటి రౌటర్. అందులో వరుస పెరగకుండా చూసే ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) సదుపాయం ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దును అసలు వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి.