ట్యాంకు కింద చేరే పిల్లల గురించి సర్పంచ్ అయిన బిడ్డకు ఒక ఉత్తరం

బిడ్డా, ఆశీస్సులు.

రాత్రయితే వాటర్ ట్యాంకు కింద, పల్లె ప్రకృతి వనంలో, బడి గోడ వెనుక పిల్లలు చేరి తాగుతున్నారనీ, పొద్దున బస్ షెల్టర్ దగ్గర కాలేజీకి పోయే ఆడపిల్లలను సతాయిస్తున్నారనీ రాశావు. పెద్దమనుషులు పంచాయితీ పెట్టి జరిమానా వేద్దామంటున్నారట. ఆ మాటకు మాత్రం తలూపకు.

జరిమానా వేసే అధికారం కులపెద్దలకూ లేదు, గ్రామాభివృద్ధి కమిటీకీ లేదు. చెట్టుకు కట్టేయడం, గుండు కొట్టించడం, ఆ ఇంటితో మాటా కిరాణమూ బంద్ చేయించడం, ఇవన్నీ చేసినవాళ్ళ మీదే కేసయ్యే పనులు. కేసు సంగతి పక్కన పెట్టినా, నలుగురిలో పరువు పోయిన పిల్లగాడు అలవాటు మార్చుకోడు, జాగా మార్చుకుంటాడు. ట్యాంకు కింద నుంచి చెరువు కట్ట మీదికి పోతాడు, అక్కడ నీకు కనబడడు. జరిమానా కట్టేది కూడా వాడు కాదు. వాళ్ళమ్మ మహిళా సంఘంలో అప్పు తెచ్చి కడుతుంది.

అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. మీ ఊళ్ళో బెల్టు షాపు వేలం పాడి ఆ డబ్బు గుడికి రాసుకునే ఆనవాయితీ ఉందా? ఉంటే పిల్లలను అనే ముందు అది ఆపు. ఆపకుండా పెట్టిన గ్రామసభలో వెనుక వరుస నుంచి ఒక పిల్లగాడు లేచి అదే అడుగుతాడు. నీ దగ్గర జవాబుండదు.

పని మొదలుపెట్టేటప్పుడు ‘ఎవరు’ అనే జోలికి పోకు. ‘ఎక్కడ, ఎన్ని గంటలకు’ అన్నది పట్టుకో. 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొని 14 రోజులు రాయించు. తేదీ, జాగా, సమయం, ఎంతమంది, ఏం వదిలిపోయారు, అంతే. పేర్లు వద్దు, ఆ బుక్కు ఎవరి చేతిలోనన్నా పడొచ్చు. పొద్దున ఊడ్చే పంచాయతీ కార్మికులకు ఊళ్ళో అందరికన్నా ఎక్కువ తెలుసు, వాళ్ళనడుగు. క్వార్టర్ సీసాలు, నీళ్ళ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు పడి ఉంటే మందు. రాల్చిన సిగరెట్ పొగాకు, రోలింగ్ పేపర్ల అట్టముక్కలు ఉంటే గంజాయి అనుమానించు. సైకిల్ పంచర్ సొల్యూషన్ ట్యూబులు, నలిపిన పాలిథిన్ కవర్లు ఉంటే బడి పిల్లలే చేరుతున్నారని లెక్క. మూడూ మూడు వేరే సమస్యలు, అన్నిటికీ ఒకే విరుగుడు పనిచేయదు. సీసా మూత మీది హోలోగ్రామ్ స్టిక్కరు చిరగకుండా నాలుగైదు సీసాలు కవర్లో వేసి ఉంచు. ఆ సరుకు ఏ లైసెన్సు దుకాణం నుంచి దిగిందో ఎక్సైజ్ వాళ్ళు దాన్నిబట్టి చూడగలరు. బెల్టు షాపు మీద నోటిమాట ఫిర్యాదుకూ ఈ కవరుతో ఇచ్చే ఫిర్యాదుకూ చాలా తేడా.

తర్వాత వెలుతురు. చాలా ఊళ్ళలో లైటుంటుంది కానీ పిల్లలు కూర్చునే మూలకు రాదు. ట్యాంకు పిల్లర్ల నీడలో ఎంత పెద్ద బల్బు పెట్టినా ఒక్క దిక్కు చీకటే, ఎదురెదురుగా రెండు చిన్న ఎల్ఈడీలు పెట్టించు. వీధిలైట్ల కోసమే విడిగా లాగే థర్డ్ వైరు లేని స్తంభానికి లైటు వేస్తే పగలూ రాత్రీ వెలిగి త్వరగా పోతుంది. థర్డ్ వైరు, ఆన్ ఆఫ్ డబ్బా ముందు అడుగు. ఆ డబ్బాకు తాళం లేకపోతే తొమ్మిదింటికి ఆఫ్ చేసేది మొదట వాళ్ళే. వనంలో చెట్ల కింది కొమ్మలు ఆరడుగుల ఎత్తు దాకా కొట్టించు, పొదలు మోకాలెత్తు దాటనివ్వకు. రోడ్డు మీద పోయేవాడికి లోపల కూర్చున్నవాడు కనబడాలి.

కెమెరాల మీద అందరికీ మోజు. పెట్టించు కానీ వాటి మీదే భరోసా పెట్టుకోకు. 2 మెగాపిక్సెల్ కెమెరా రోజంతా సుమారు 20 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలు, 30 రోజులంటే దాదాపు రెండున్నర టీబీ కావాలి. 1 టీబీ డిస్కు పెట్టి ‘నెల రికార్డింగ్’ అని అమ్ముతారు, పన్నెండు రోజులకే పాతది చెరిగిపోతుంది. మామూలు లాన్ కేబుల్ 100 మీటర్లు దాటితే బొమ్మ ఆగిపోతుంది. కెమెరా వీధిలైటుకు ఎదురుగా ఉంటే మొహాలు నల్లగా పడతాయి. రాత్రిపూట తెల్లటి పొర కనబడితే కెమెరా చెడిందనుకోకు, అద్దం ముందు సాలెగూడు పట్టి ఉంటుంది. పదిహేను రోజులకోసారి వెదురుకర్రకు గుడ్డ కట్టి తుడిపించు. వచ్చిన బొమ్మలు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వకు. మైనర్ పిల్లల విషయమైతే నీ మెడకే చుట్టుకుంటుంది.

అక్కడి నుంచి లేపిన పిల్లలు ఎక్కడికి పోవాలి? ఈ మాట ఎవ్వరూ అడగరు. మీ క్రీడా ప్రాంగణంలో ఇప్పుడు గడ్డే ఉండి ఉంటుంది. వాలీబాల్ కోర్టు గీయించు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, నెట్టు ఎత్తు 2.43 మీటర్లు. పొడవు ఉత్తరం దక్షిణంగా ఉండాలి. లేకుంటే సాయంత్రం ఒక జట్టుకు కళ్ళలో ఎండ కొట్టి రోజూ అదే లొల్లి. ఫ్లడ్ లైట్లు రెండు, రాత్రి తొమ్మిదిన్నరకు బంద్. నెట్టు, బంతి పంచాయతీ ఆఫీసులో పెట్టి తాళం వేస్తే ఎవ్వడూ ఆడడు. ట్యాంకు కింది జట్టులో పదిమంది ఎవడి మాట వింటారో వాడికే తాళంచెవి ఇయ్యి. రెండు బంతులు పోతాయి, పోనియ్యి. మూడోది వాళ్ళే కాపాడుకుంటారు.

ఇక ఇళ్ళకు పోవడం. ఇద్దరే పోవాలి, అందులో ఒకరు ఆ ఇంటికి చుట్టమై ఉంటే మంచిది. మేనమామ అయితే మరీ మంచిది. పొద్దున ఆరున్నరకు, తండ్రి పొలానికి పోకముందు పో. రాత్రి పోతే తండ్రే తాగి ఉండొచ్చు. ‘మీవాడు చెడిపోయిండు’ అనకు. ‘మంగళవారం రాత్రి పదిన్నరకు ట్యాంకు కింద ఉన్నడు’ అను, అక్కడ ఆపు. మొదటి మాటకు తల్లి కొట్లాటకొస్తుంది, రెండో మాటకు కొడుకు దిక్కు చూస్తుంది. ఇంకొకటి చూసుకో, పది ఇళ్ళకు పోతే ఆ పదీ ఒకే వాడలో ఉండొద్దు. చీకట్లో అన్ని కులాల పిల్లలూ కలిసే కూర్చుంటారు, లిస్టు రాసేటప్పుడు మాత్రం ఒక వాడ పేర్లే వస్తాయి. అది జరిగిన రోజున ఇది పిల్లల గొడవగా మిగలదు.

ఆడపిల్లల సంగతి వేరు. దాన్ని ‘పిల్లచేష్టలు’ అనే పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకోకు. గ్రామసభలో ఏ అమ్మాయినీ పేరు పెట్టి అడగనివ్వకు. అమ్మాయిలు చెప్పకపోవడానికి కారణం భయం మాత్రమే కాదు, చెబితే ఇంట్లో చదువు మాన్పిస్తారని. అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో విని నీకు చేరవేయాలి. బస్సు వచ్చే ముందు అరగంట, సాయంత్రం బస్సు దిగేటప్పుడు అరగంట సంఘం ఆడవాళ్ళు నలుగురు షెల్టర్లో కూర్చుంటే చాలు. వాళ్ళేం అననక్కర్లేదు. వెంటపడటం, చెయ్యి వేయడం దాకా వస్తే ఇంటి మాటలతో సర్దకు, షీ టీమ్‌కు చెప్పు. అమ్మాయికి 18 నిండకపోతే అది పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో, కింద కేసు అవ్వొచ్చు. దాన్ని పంచాయితీలో రాజీ చేసినవాళ్ళకూ తిప్పలే.

బండ్ల మోతకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. మైనర్ బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం బండి యజమానికి 25 వేల జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు, ఏడాది రిజిస్ట్రేషన్ రద్దు. ఒక్కసారి డప్పు చాటింపు వేయించు, సగం తాళాలు తండ్రుల జేబుల్లోకి పోతాయి. రోడ్డుకడ్డంగా సిమెంటు కుప్ప పోసి స్పీడ్ బ్రేకర్ అనేవాళ్ళను ఆపు. ఎత్తు 10 సెంటీమీటర్లయితే వెడల్పు 3.7 మీటర్లుండాలి. ఇరుకు దిబ్బ మీద ముందు పడేది పాలక్యాన్ల బండి.

బడి దగ్గరి పాన్ డబ్బా చూడు. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు. మైనర్‌కు మందో సిగరెట్టో గుట్కానో అందిస్తే బాలన్యాయ చట్టం 77వ సెక్షన్ కింద 7 ఏళ్ళ వరకు జైలు, లక్ష దాకా జరిమానా. ఆ రెండు లైన్లు కాగితం మీద రాయించి అతని చేతికే ఇయ్యి.

మత్తుకు బాగా అలవాటుపడ్డవాళ్ళు ఇద్దరు ముగ్గురు తేలతారు. వాళ్ళను మిగతావాళ్ళతో కలపకు. అల్ప్రాజోలం కలిపిన కల్లు తాగేవాణ్ణి గదిలో పెట్టి ఒక్కసారి బంద్ చేయిస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగానే తగ్గించాలి. తల్లిదండ్రులతో మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయించు, దగ్గర్లోని చికిత్స కేంద్రం చెబుతారు. తనంతట తాను చికిత్సకు వచ్చినవాడికి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ కింద, మత్తుపదార్థం వాడిన కేసు నుంచి రక్షణ ఉంది. ఈ మాట చెబితేనే ఇంట్లోవాళ్ళు తలుపు తీస్తారు. గంజాయి తెచ్చి అమ్మేవాడు మాత్రం ఇంటికి పోయి మాట్లాడాల్సిన మనిషి కాడు. మత్తుపదార్థాల మీద ఫిర్యాదు తీసుకునే పోలీసు నంబరు 1908కి చెప్పు, నీ పేరు బయటికి రాకుండా చూసుకో.

ఇవన్నీ చేశాక కూడా వినని ఒకరిద్దరి కోసం పోలీసులు. కాగితం రాసివ్వు, తీసుకున్నట్టు సంతకం, ముద్ర అడుగు. పెద్దవాళ్ళయితే ఎస్ఐ తహసీల్దార్ ముందు బైండోవర్ చేయిస్తారు, అంటే ఇక తప్పు చేయనని పూచీకత్తు రాయిస్తారు. ఆ తర్వాత తప్పు చేస్తే పూచీ డబ్బు పోతుంది, అది బాగా పనిచేస్తుంది. 18 నిండనివాడికి బైండోవర్ దారి కాదు. పిల్లల విషయాలు చూసే అధికారి ప్రతి స్టేషన్లో ఒకరుంటారు, ఆయన్నే అడుగు.

గ్రామసభ తీర్మానం ఇదంతా మొదలైన నెలకు పెట్టు, మొదటిరోజే వద్దు. రెండు నెలలకోసారి ఎలాగూ సభ పెట్టాలి. తీర్మానంలో లైట్లు, కోర్టు సమయం, బెల్టు షాపు మూత ఉండాలి. పేర్లు, జరిమానాలు ఉండొద్దు. నకళ్ళు ఎస్ఐకి, ఎక్సైజ్ సీఐకి, ఎంపీడీవోకు పోవాలి.

వినాయకుడి తొమ్మిది రాత్రులూ, డిసెంబర్ 31 రాత్రీ ఈ లెక్కలన్నీ తప్పుతాయి. ఆ రోజుల్లో కోర్టు లైట్లు పన్నెండు దాకా ఉంచు, మండపం బాధ్యత ఆ జట్టుకే రాసివ్వు. పాత నోటుబుక్కు పారేయకు, వచ్చే ఏడు అవే తేదీలు చూడాల్సి ఉంటుంది.

ఉంటాను.
మీ పెద్దనాన్న