విశాఖపట్నంలో గోడే కుటుంబం నడిపిన ఖగోళ పరిశీలనశాల వల్ల ఓడలకు ఏం ఉపయోగం?

సరైన సమయం. జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు పరిశీలనశాలలో ఖగోళవేత్త టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో డాబాగార్డెన్స్‌లోని తన ఇంట్లో సొంత ఖర్చుతో పరిశీలనశాల పెట్టారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం కూడా ఆయన వేయించిందే. రోజూ నిర్ణీత సమయానికి జెండా దిగేది, రేవులోని నావికులు అది చూసి తమ క్రోనోమీటర్లు, అంటే ఓడలోని కచ్చితమైన గడియారాలు, సరిచూసుకునేవారు. ఓడ ఏ రేఖాంశం మీద ఉందో ఆ గడియారంతోనే లెక్కించేవారు.

ఆ సరిచూడటం ఎంత ముఖ్యమంటే, గడియారం 4 సెకన్లు తప్పితే రేఖాంశం 1 నిమిషం (డిగ్రీలో 60వ వంతు) తప్పుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది దాదాపు 1.85 కిలోమీటర్లు! వారాల తరబడి సాగే ప్రయాణంలో రోజుకు ఒక్క సెకను తేడా ఉన్నా అది పేరుకుపోతుంది.

సమయం తేల్చేది ట్రాన్సిట్ పరికరం. ఈ దూరదర్శిని ఉత్తర దక్షిణాలుగా మాత్రమే తిరుగుతుంది. స్థానం ముందే తెలిసిన నక్షత్రం కంటికటకంలోని సన్నని తీగల్ని దాటే క్షణాలు రాసుకుని, సగటు తీసి, గడియారంతో పోలుస్తారు. ఇరుసు సమతలంగా లేకపోయినా, కచ్చితంగా తూర్పు పడమరలుగా లేకపోయినా ఫలితం చెడుతుంది. అందుకే ఇరుసును స్పిరిట్ లెవెల్‌తో (బుడగ మట్టంతో) తరచూ పరీక్షించాలి, దూరదర్శిని చూపు ఇరుసుకు లంబంగా లేకపోతే ఆ దోషం తెలియడానికి ఇరుసు చివరల్ని అటూ ఇటూ మార్చి చూడాలి.

1856లో జగ్గారావు మరణించాక ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు బాధ్యత తీసుకున్నారు. డబ్బు ఇచ్చి ఊరుకోలేదు, స్వయంగా పరిశీలకుడయ్యారు. 6 అంగుళాల దూరదర్శిని తెప్పించారు, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని నమోదు చేశారు. 1892లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు.