కైరోప్రాక్టిక్ సెంటర్‌కు లైసెన్స్ ఎవరిస్తారు?

ప్రశ్న: మాది కరీంనగర్. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తి చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. శని, ఆదివారాల్లో క్లాసులకు వెళ్లి కైరోప్రాక్టిక్ (వెన్నెముకను చేత్తో సర్దే చికిత్స) సర్టిఫికెట్ కోర్సు కూడా చేశాను. మా బావ అమెరికాలో డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ చదివి, టెక్సాస్ లైసెన్స్‌తో ప్రాక్టీస్ చేస్తున్నాడు. వచ్చే ఏడాది ఇండియా వచ్చేస్తానంటున్నాడు. ఇద్దరం కలిసి కూకట్‌పల్లిలో ‘కైరోప్రాక్టిక్ స్పైన్ హాస్పిటల్’ పెట్టాలని అనుకుంటున్నాం. షాపుకు అడ్వాన్స్ కట్టాం, బోర్డుకు ఆర్డర్ కూడా ఇచ్చాం. కానీ లైసెన్స్ ఎక్కడ తీసుకోవాలో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. పుత్తూరు కట్టు కట్టేవాళ్లకు ఏ లైసెన్స్ ఉంది, మనకెందుకు అని బావ అంటున్నాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. సలహా ఇవ్వగలరు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. మన దేశంలో కైరోప్రాక్టర్‌కు లైసెన్స్ ఇచ్చే ఆఫీసే లేదు. అల్లోపతికి నేషనల్ మెడికల్ కమిషన్ ఉంది, ఆయుర్వేదానికి, హోమియోకు వాటి వాటి కమిషన్లు ఉన్నాయి. మీలాంటి ఫిజియోథెరపిస్టుల కోసం 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం వచ్చింది. దాని షెడ్యూల్‌లోని పది విభాగాల్లో ఫిజియోథెరపీకి ప్రత్యేకంగా ఒక విభాగమే ఇచ్చారు. కైరోప్రాక్టిక్ మాట ఆ షెడ్యూల్‌లో లేదు.

ముందు మీ బావగారి సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ప్లానంతా ఆయన లైసెన్స్ మీదే నిలబడి ఉన్నట్టుంది. అమెరికాలో కైరోప్రాక్టిక్‌కు గట్టి చట్టాలే ఉన్నాయి. 1913లో కాన్సాస్‌తో మొదలై 1974లో లూసియానాతో అన్ని రాష్ట్రాలూ లైసెన్సు పద్ధతి తెచ్చాయి. డీసీ (డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్) డిగ్రీ తర్వాత జాతీయ బోర్డు పరీక్షలు రాసి, టెక్సాస్ బోర్డు ఆఫ్ కైరోప్రాక్టిక్ ఎగ్జామినర్స్ దగ్గర ఆయన లైసెన్స్ తెచ్చుకుని ఉంటారు. అది తేలిగ్గా వచ్చేది కాదు. కానీ ఆ లైసెన్స్ టెక్సాస్ సరిహద్దు దాకానే. పక్కనున్న ఓక్లహోమాకు మారినా అక్కడి బోర్డు దగ్గర మళ్లీ తీసుకోవాల్సిందే. అలాంటిది కూకట్‌పల్లిలో ఎలా చెల్లుతుంది? ఇక్కడ దాన్ని నమోదు చేసే రిజిస్టరే లేదు.

“చట్టం లేదంటే అడిగేవాడూ లేడు కదా” అని చాలామంది అంటారు. అక్కడే పొరపాటు పడుతున్నారు. కైరోప్రాక్టిక్‌కు చట్టం లేదు గానీ, మనిషి ఒంటి మీద చెయ్యి వేసి వైద్యం చేస్తున్నానని చెప్పుకునేవాళ్లకు చట్టాలు బోలెడున్నాయి. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆధునిక వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వెన్నెముకను చేత్తో సర్దడం ఒక్కటే ఆధునిక వైద్యం కిందికి వస్తుందా అంటే, నేనైతే రాదనే వాదిస్తాను. కానీ మీ బావ ఎమ్మారై ఫిల్మ్ పైకెత్తి చూసి “ఎల్4, ఎల్5 మధ్య డిస్క్ జారింది, ఈ మాత్రలు వాడండి” అన్న రోజున ఆ వాదన నా చేతిలో నిలవదు. నకిలీ వైద్యుల మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఈ మధ్య ఎంత గట్టిగా తనిఖీలు చేస్తోందో పేపర్లలో చూస్తూనే ఉన్నారు.

అసలు భయపడాల్సింది దీనికి కాదు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ చూడండి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐదేళ్ల దాకా శిక్ష. అదే చికిత్స చేస్తుండగా రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ (ఆర్‌ఎంపీ) చేతిలో జరిగితే రెండేళ్లకు మించదు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేని డాక్టరని అర్థం స్థిరపడిపోయింది. చట్టంలో అర్థం సరిగ్గా తలకిందులు: నేషనల్ మెడికల్ కమిషన్ గుర్తించిన డిగ్రీ ఉండి, రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ఆర్‌ఎంపీలు. మీ బావ అందులోకి రారు. నిజం చెప్పాలంటే మీరూ రారు. మెడ తిప్పినప్పుడు అక్కడి రక్తనాళం చిట్లి పక్షవాతం రావడం అరుదే, కానీ ప్రపంచమంతటా వైద్యులు రాసి పెట్టిన ప్రమాదమే అది. ప్రాణం పోకుండా ఎముక విరిగినా చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

మరి మీకూ మీ బావకూ తేడా ఏమిటి? జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఒక కొలత చెప్పింది. తనకుందని చెప్పుకున్న నైపుణ్యం నిజంగా లేకపోయినా, ఉండి కూడా సరిగ్గా వాడకపోయినా వృత్తిదారుడిది నిర్లక్ష్యమే. ఈ కొలతతో మీ బోర్డును చూడండి. ‘ఫిజియోథెరపిస్టు’ అని రాసుకుంటే మీరు చెప్పుకునే నైపుణ్యానికి వెనుక యూనివర్సిటీ డిగ్రీ ఉంది. ‘కైరోప్రాక్టర్’ అని రాసుకుంటే వెనుక వారాంతపు సర్టిఫికెట్ ఒకటే ఉంది. 2021 చట్టం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవడానికే కనీసం 3,600 గంటల చదువు అడుగుతోంది. మీరు ఎన్ని శని, ఆదివారాలు వెళ్లారో లెక్కవేసుకోండి. నేను చూసిన ఒక వినియోగదారుల కేసులో అవతలి లాయరు మొదటి ప్రశ్నగా అడిగింది “మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?” అనే. ఆ నంబరు లేకపోయేసరికి తర్వాత అడగాల్సినవేవీ అడగనక్కర్లేకపోయింది.

పుత్తూరు కట్టు మాటకొస్తే, నేనూ చిన్నప్పుడు చెయ్యి విరిగి కట్టు వేయించుకున్నవాడినే కాబట్టి ఆ వైద్యులను తక్కువ చేయను. కానీ తరతరాలుగా వస్తున్న విద్య అన్న మాట కోర్టులో రక్షణగా పనికి రాలేదు. కేరళ పారంపర్య వైద్యుల ఫోరం కేసులో 2018లో సుప్రీంకోర్టు, గుర్తింపు పొందిన చదువు లేకుండా వైద్యం చేసే హక్కు లేదని తేల్చింది. మీ బావ వాదన తరతరాల విద్య కూడా కాదు, అది ఇంకా బలహీనం.

ఇక మీకు తెరిచి ఉన్న దారి చెబుతాను. సెంటర్ మీ పేరు మీద, ఫిజియోథెరపీ సెంటర్‌గా పెట్టండి. జాయింట్ మొబిలైజేషన్, మానిప్యులేషన్ లాంటి, కీళ్లను చేత్తో కదిలించి సర్దే మాన్యువల్ థెరపీ పద్ధతులు మీ బీపీటీలోనే ఉన్నాయి. మీ డిగ్రీలో నేర్చుకున్న పరిధిలో అదే పనిని ఫిజియోథెరపీగా చేయడానికి అడ్డు లేదు. మీ వృత్తి రిజిస్ట్రేషన్ కాగితాలు చేతిలో పెట్టుకున్నాక, క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా రిజిస్ట్రేషన్ అథారిటీకి దరఖాస్తు చేయాలి. దానికి కలెక్టర్ చైర్మన్, కానీ మీరు తిరగాల్సింది జిల్లా వైద్యాధికారి ఆఫీసు చుట్టూ. 2010 నాటి ఈ కేంద్ర చట్టాన్ని తెలంగాణ అమలు చేస్తోంది. మొదట ఏడాది పాటు చెల్లే తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. చట్టం ప్రకారం పది రోజుల్లో ఇవ్వాలి, ఓపిక మాత్రం ఎక్కువే పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 50 వేల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆ తర్వాత 5 లక్షల దాకా జరిమానా. ఇదే సెంటర్ విజయవాడలో పెడితే కథ వేరు, అక్కడ 2002 నాటి రాష్ట్ర చట్టం నడుస్తోంది. మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ మామూలే. డ్రై నీడ్లింగ్ (కండరాల్లో సన్నని సూదులు గుచ్చే చికిత్స) చేస్తే వాడిన సూదుల కోసం బయోమెడికల్ వ్యర్థాల అనుమతి కూడా చూసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఆడిటర్లు కూడా చాలామంది గమనించరు. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలో గుర్తింపు పొందిన వైద్య విధానాలంటే అల్లోపతి, యోగా, నేచురోపతి, ఆయుర్వేదం, హోమియోపతి, సిద్ధ, యునాని, కేంద్రం గుర్తించిన మరేవైనా. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు కూడా గుర్తింపు పొందిన విధానాలకే. బిల్లు మీద ‘కైరోప్రాక్టిక్ సెషన్’ అని కొట్టి ఏడాదికి 20 లక్షలు దాటితే, మినహాయింపు లేదంటూ నోటీసు రావడానికి ఆస్కారం ఉంది. ఫిజియోథెరపీ అని ఉంటే ఆ తలనొప్పి రాదు.

మీ బావ అక్కడి అలవాటుతో ఎక్స్‌రే మెషీన్ పెడదామంటారు. ఒప్పుకోకండి. దానికి అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి, అర్హులైన సిబ్బంది కావాలి. ఎక్స్‌రేలు బయట తీయించి, రేడియాలజిస్టు రిపోర్టు మీదే నడవండి. ఆయన పేషెంట్ల మీద చెయ్యి వేయకుండా పెట్టుబడి పెట్టవచ్చు, సెంటర్ నడపడం చూసుకోవచ్చు. నాకు డీసీ ఉంది, చూస్తూ కూర్చోలేను అంటే మాత్రం వచ్చే ముందే ఆలోచించుకోమనండి. బ్రిటన్‌లో 1994 చట్టం కింద, మలేసియాలో 2016 చట్టం కింద కైరోప్రాక్టర్‌కు గుర్తింపు ఉంది. అక్కడ వాళ్ల షరతుల ప్రకారం రిజిస్టర్ చేసుకునే దారులుంటాయి. మన దగ్గర ఆ దారే వేయలేదు.

పేరుకు ముందు ‘డాక్టర్’ పెట్టుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ, బోర్డు ఆర్డర్ ఇచ్చారంటే పెట్టే ఉంటారు! ఫిజియోథెరపిస్టులు ఆ మాట వాడొద్దని 2025 సెప్టెంబరులో ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ లేఖ రాసి, వెంటనే వెనక్కి తీసుకుంది. వివాదం ఉన్న చోట మీ కొత్త సెంటర్ ముందుండాల్సిన అవసరం లేదు. పెట్టుకున్నా చివర ‘పీటీ’ (ఫిజియోథెరపిస్టు) తప్పకుండా ఉండాలి. ‘హాస్పిటల్’ అన్న మాట పూర్తిగా తీసేయండి. ‘ఒక్క సిట్టింగ్‌లో సయాటికా మాయం’ లాంటి రీల్స్ కూడా వద్దు. తప్పుదారి పట్టించే ప్రకటనకు వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మెడ టక్కుమనే వీడియో ఎన్ని లైకులు తెచ్చినా, రేపు కేసు పడితే అదే మీ మీద మొదటి సాక్ష్యం.

ప్రతి పేషెంటు దగ్గరా తెలుగులో రాసిన సమ్మతి పత్రం తీసుకోండి. సంతకం ఒక్కటే చాలదు. ఏం చేస్తారో, ఏం ప్రమాదం ఉండవచ్చో, ఇంకే చికిత్సలున్నాయో చెప్పి తీసుకున్నదే సమ్మతి అని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎముకలు గుల్లబారినవాళ్లను, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లను, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లను డాక్టరు రాసిన చీటీ లేకుండా ముట్టుకోకండి. ఇండెమ్నిటీ పాలసీ (పేషెంటు కేసు వేస్తే పరిహారం భరించే బీమా) తీసుకునేటప్పుడు మీ పని ఫిజియోథెరపీ అనే రాయించండి. పాలసీలో ఒకటి, గదిలో ఇంకొకటి జరిగితే క్లెయిమ్ కాడికొచ్చాక కంపెనీ చేతులెత్తేస్తుంది.

షాపు అడ్వాన్స్ వెనక్కి అడగక్కర్లేదు, అది అలాగే ఉంచండి. బోర్డు పెయింటర్‌కు మాత్రం ఈ రోజే ఫోన్ చేసి ఆపమనండి. సెంటర్ పేరు, కింద ‘ఫిజియోథెరపీ అండ్ రీహాబిలిటేషన్’, దాని కింద మీ పేరు, బీపీటీ, రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరు చేతికి వచ్చాకే బోర్డు రాయించండి.